నాలుగు చక్రాల వంటిళ్ళు

ఏ ఊరికైనా రెండు మొహాలుంటాయి. మొదటిది చుట్టాలకు చూపించేది: గుడి, మ్యూజియం, పార్కు, పెద్ద పెద్ద బట్టల కొట్లు. రెండోది సాయంత్రం దీపాలు పెట్టాక వీధి మలుపులో కనిపించేది. అక్కడో తోపుడు బండి ఉంటుంది. మూకుట్లో నూనె కాగుతూంటుంది. చుట్టూ గుమాస్తా, ఆటో తోలేవాడు, కాలేజీ కుర్రాడు, ఆసుపత్రిలో రోగికి తోడు వచ్చిన పల్లెటూరి మనిషి, అందరూ చేతిలో చిల్లర పట్టుకుని ఒకే వరసలో నిలబడి ఉంటారు. ఆ ఊళ్ళో జనం ఏ వేళకు పని ముగించుకుంటారో, వాళ్ళ జేబులో ఎంత ఉంటుందో, ఎక్కడెక్కడి నుంచి వచ్చి అక్కడ చేరారో, అన్నీ ఆ బండి చెబుతుంది. వినే ఓపిక మనకుండాలి, అంతే.

నాకా ఓపిక పుట్టింట్లో అలవడింది కాదు. మాది రాజమండ్రి. మా అమ్మ దృష్టిలో బజారు తిండి తినడం, అప్పు చెయ్యడం ఒకే కోవలోవి. రెండూ ఇంటి పరువు తీసేవే! మా అన్నయ్య గోదావరి గట్టు నుంచి పుణుకుల పొట్లం చొక్కాలో దాచి తెస్తే, గుడ్డకంటిన నూనె మరక చూసి ఆవిడ ఇట్టే పట్టేసేది. "ఇంట్లో పిండి లేదా, నూనె లేదా, చేసిపెట్టే మనిషి లేదా?" అని మూడు ప్రశ్నలు వేసేది. మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. అది పైకి చెబితే మరీ ప్రమాదం. బండి మీదవి బాగుంటాయి మరి!

మావారిది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళకో ఊరు. కొత్త ఊళ్ళో దిగగానే పాలవాడెక్కడ, బడి ఎక్కడ అని నేను వాకబు చేస్తూంటే, ఆయన టిఫిను బండి ఎక్కడ అని వాకబు చేసేవారు. "నీ వంటిల్లు కుదుటపడేసరికి మూడు రోజులు పడుతుంది. అందాకా మనల్ని బతికించేది అదే కదుటే!" అనేవారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అలా నా చదువు మొదలైంది.

మొదటి పాఠం విశాఖపట్నంలో. అప్పుడు మా పిల్లలింకా పుట్టలేదు. సాయంత్రాలు సముద్రపు ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. అక్కడ మురీ మిక్చరు అమ్ముతారు. మురీ అంటే మరేం కాదు, మన మరమరాలే. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి సన్నగా తరిగి, వేరుశెనగ గుళ్ళు వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాలో గరిటెతో టకటకలాడించి పొట్లం కట్టి ఇస్తారు. గోదావరి జిల్లాలో మరమరాలని పిలిచేవాటిని ఇక్కడ మురీ అని ఎందుకంటారా అని ఆలోచిస్తే, ఒరియా వాళ్ళూ, బెంగాలీ వాళ్ళూ అనే మాట అది. ఒడిశా ఎంత దగ్గరో భూగోళం పుస్తకం చెప్పకముందే ఆ పొట్లం చెప్పింది.

అదే ఊళ్ళో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. అక్కడ నూడుల్సు అమ్మేవారు. వేయించిన ఉల్లిపాయ, పులుపు, కారం కలిపి చేతికిచ్చిన ఆ వంటకం మేమెరిగిన ఏ వంటకంలాగానూ లేదు. అమ్మేవాళ్ళు మాత్రం మనలాగే తెలుగు మాట్లాడుతున్నారు. విచారిస్తే తెలిసింది. మన కోస్తా జిల్లాల వాళ్ళు తరతరాలుగా ఓడెక్కి రంగూను వెళ్ళి, రేవుల్లో, మిల్లుల్లో కూలి చేసుకుని బతికారు. 1962లో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1964 నాటికి వ్యాపారాలూ దుకాణాలూ జాతీయం చేసింది. లక్షల మంది మనవాళ్ళు కట్టుబట్టలతో తిరిగి రావలసి వచ్చింది. సంపాదించిన సొమ్ము తెచ్చుకోనివ్వలేదు. నాలిక మీది రుచిని మాత్రం ఏ కస్టమ్సు ఉద్యోగీ పట్టుకోలేకపోయాడు. ఆ రుచే వాళ్ళకు పెట్టుబడి అయింది.

తరవాత కొన్నేళ్ళకు మద్రాసుకు బదిలీ అయింది. ఒకనాటి సాయంత్రం పారిస్ కార్నరు దగ్గర వీధుల్లో తిరుగుతూంటే, ఒక బండి మీద అవే నూడుల్సు, అదే వేయించిన ఉల్లిపాయ కనిపించాయి! అక్కడ దాని పేరు "అత్తో". అమ్మే అతను తమిళుడు. వాళ్ళ పెద్దలూ బర్మా నుంచి వచ్చినవాళ్ళే. ఒకే కష్టం తరిమితే ఒకరు విశాఖలో దిగారు, ఒకరు మద్రాసులో దిగారు. భాషలు వేరు, మూకుడు ఒకటే. మావారు రెండు ప్లేట్లు తిన్నారు. నేను మెరీనాలో సుండల్ తింటానని ఆకలి దాచుకున్నాను. ఉడికించిన శెనగల్లో కొబ్బరి కోరు, మామిడికాయ ముక్కలు వేసి ఇసకలో కూచున్నవాళ్ళ దగ్గరికే వచ్చి అమ్ముతారు. మద్రాసు బండికి ఒక పద్ధతి ఉంది. తొందరపెట్టదు.

తొందర సంగతి చెప్పాలంటే బొంబాయి చెప్పాలి. మేం వెళ్ళినప్పటికి దాని పేరింకా ముంబాయి కాలేదు. అక్కడి స్టేషను బయట నిలబడి చూస్తే జనం తింటున్నట్టుండదు, బొగ్గు వేసుకుని రైలు సాగిపోతున్నట్టుంటుంది. బంగాళాదుంప బొండా ఒకటి, చీల్చిన రొట్టెలో పెట్టి, ఎర్రటి వెల్లుల్లి కారం చల్లి ఇస్తారు. అదే వడా పావ్. రొట్టెను పావ్ అనడం పోర్చుగీసు వాళ్ళు వదిలిపెట్టి వెళ్ళిన మాట. 1966లో దాదరు స్టేషను దగ్గర అశోక్ వైద్య అనే ఆయన మొదలుపెట్టాడని చెబుతారు. నాకు ముందు ఆ తిండి నచ్చలేదు. "ఇడ్లీ పెట్టుకుంటే హాయిగా ఉండదూ?" అన్నాను. మావారు నవ్వి, "ఇడ్లీకి రెండు చేతులు కావాలి, చట్నీకి ప్లేటు కావాలి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు కావాలి. ఇక్కడ ఒక చెయ్యి రైలు కమ్మీకి ఇచ్చేశారు. మిగిలిన చేతిలో పట్టేదే తిండి" అన్నారు.

ఆ రోజుల్లో బొంబాయి గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 1982 జనవరిలో బట్టల మిల్లుల కార్మికులు సమ్మె కట్టారు. దాదాపు రెండున్నర లక్షల మంది. సమ్మె ఏడాది దాటింది. మిల్లులు చాలామట్టుకు మళ్ళీ మామూలుగా తెరుచుకోనే లేదు. మగ్గం వదిలిన చేతుల్లో కొన్ని వడా పావ్ బండి పట్టాయి. మా వీధి చివర బండి ఆయన పూర్వం మిల్లులో నేసేవాడు. అతని భార్య ఇంటి దగ్గర దుంపలు ఉడికించి పంపేది. "మిల్లు సైరను పోయిందిగాని వేళ పోలేదమ్మా, షిఫ్టు టైముకే లేస్తాను" అని హిందీ మరాఠీ కలిపి చెప్పాడు. ఉద్యోగం పోయినవాడికి ఏ ఊరైనా ముందుగా చూపించే దారి బండే. ఎందుకంటే దానికి అద్దె లేదు, సిఫార్సు లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఉండవలసింది రాత్రి రెండింటికి లేచే మనిషొకరు.

మావారు రిటైరయ్యాక యాత్రలు పెట్టుకున్నాం. ఉజ్జయిని వెళ్ళినప్పుడు ఇందూరులో రెండు రోజులు ఆగాం. అక్కడ సరాఫా అని బంగారం వర్తకుల బజారు. పగలంతా తూకాలు, నగలు. రాత్రి కొట్లు మూసేసరికి, మూసిన తలుపుల ముందే పొయ్యిలు వెలుగుతాయి. మొక్కజొన్న కంకులు తురిమి పాలతో వండిన "భుట్టే కా కీస్", చక్రాలంతటి జిలేబీలు, చలికాలంలో "గరాడూ" అనే వేపుడు దుంప. అర్ధరాత్రి దాటినా జనమే జనం. ఆడవాళ్ళు పసిపిల్లల్ని చంకనేసుకుని ఏ బెరుకూ లేకుండా తిరుగుతున్నారు. రాత్రంతా వీధిలో జనం ఉంటే కొట్లకు వేరే కాపలా ఎందుకనేది అక్కడివాళ్ళ మాట. ఒకే స్థలం పగలు ఒకరిది, రాత్రి ఒకరిది. పరిశుభ్రతలో దేశం మొత్తానికి ఈ ఊరికే 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడుసార్లు మొదటి స్థానం వచ్చింది. బండి ఉన్నచోట చెత్త తప్పదనేవాళ్ళు ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు.

మా అమ్మాయి అమెరికాలో లాస్ ఏంజిలస్‌లో ఉంటుంది. అక్కడ బండిని మనిషి తొయ్యడు. అది లారీ. లోపల పొయ్యి, పెట్టె, నీళ్ళ తొట్టి, పక్కన కిటికీ. మన పెద్ద హోటలు వంటింటిని కుదించి చక్రాల మీద పెట్టారన్నమాట. రాత్రికి దాన్ని ఇంటి ముందు పెట్టుకోవడానికి వీల్లేదు. కడగడానికీ, సరుకు నింపడానికీ వేరే స్థలానికి తీసుకుపోవాలి. అక్కడి లారీల్లో ఎక్కువ మెక్సికో వాళ్ళవి. టాకో అంటే మొక్కజొన్న రొట్టెలో మాంసం చుట్టి ఇచ్చేది. మాకు చిక్కుడు గింజలతో చేసిచ్చారు. 1974లో ఒకాయన పాత ఐస్‌క్రీం లారీని టాకో లారీగా మార్చాడనీ, అది పెరిగి పెద్ద హోటళ్ళ సంస్థ అయిందనీ మా అల్లుడు చెప్పాడు. 2008లో కొరియా వంటనూ మెక్సికో రొట్టెనూ కలిపి "కోగి" అనే లారీ బయలుదేరింది. ఈ రాత్రి ఎక్కడ ఆగుతుందో ట్విట్టరులో చెప్పేవారు. జనం వెతుక్కుంటూ వెళ్ళేవారు.

అదే 2008లో ఆ జిల్లా అధికారులు, లారీ ఒకేచోట గంట మించి నిలబడితే వెయ్యి డాలర్ల దాకా జుల్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని శాసనం చేశారు. లారీల పక్కన హోటళ్ళున్నవాళ్ళ ఫిర్యాదుల వల్ల వచ్చిన శాసనం అది. టాకో తినేవాళ్ళు ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, కోర్టుకెళ్ళారు. ఆ ఆగస్టులోనే జడ్జి దాన్ని కొట్టేశారు.

మా అబ్బాయి ఉండేది న్యూజెర్సీలో. వాడు మమ్మల్ని న్యూయార్కు తీసుకెళ్ళి వాషింగ్టన్ స్క్వేరు పార్కు దగ్గర దోసె తినిపించాడు. శ్రీలంక నుంచి వచ్చిన ఒక తమిళాయన 2001 నుంచి అక్కడ బండి మీద దోసెలు పోస్తూ ఆ ఊళ్ళో పేరు తెచ్చుకున్నాడు. దోసె బాగుంది. కాని ఆ ఊళ్ళో బండి కథ వింటే తిన్నది అరగదు. అక్కడ 1983లో ఆహారం అమ్మే బండ్ల పర్మిట్లు సుమారు 3,000 కి మించకూడదని హద్దు పెట్టారు. ఊరు పెరిగింది, వచ్చి చేరే జనం పెరిగారు, హద్దు మాత్రం కదల్లేదు. ప్రభుత్వానికి కట్టే రుసుము రెండేళ్ళకు 200 డాలర్లు. పర్మిటు ఉన్నవాడు దాన్ని చాటుగా అద్దెకిస్తే రెండేళ్ళకు ఇరవై వేల డాలర్ల పైమాట! ఎండలో నిలబడేవాడొకడు, పేరు రాసుకున్న కాగితానికి అద్దె తినేవాడొకడు. 2021లో గాని ఏటా కొన్ని కొత్త అనుమతులు ఇచ్చే చట్టం నగర సభ చెయ్యలేదు.

ఇన్ని ఊళ్ళు చూశాక నాకు తేలిందేమంటే, రుచులు ఊరూరా మారతాయిగాని తగాదా మాత్రం ఒకటే. అడ్డం అంటారు, మురికి అంటారు, అద్దె కట్టే హోటలువాడికి అన్యాయం అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. తేడా అల్లా, ఆ నిజానికి ఏ ఊరు ఏ మందు వేస్తుందన్నదే. ఇందూరు వేళలు పంచింది. న్యూయార్కు హద్దు గీసి దళారిని పెంచింది. మరి మన ఊరు?

ఈ ప్రశ్న మొన్న మా గుమ్మంలోకే వచ్చింది. హైదరాబాదులో మేమున్న కాలనీ మొగలో ఏడేళ్ళుగా ఒక ఇడ్లీ బండి ఉంది. నడిపే ఆవిడది పాలమూరు వైపు. భర్త తాపీ పని చేస్తూ సారువ మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. కూతురు డిగ్రీ చదువుతోంది. తెల్లవారి ఆరింటికి మా కాలనీ వాచ్‌మెన్లు, పనిమనుషులు, నైటు డ్యూటీ చేసి వచ్చే సాఫ్టువేరు పిల్లలు అక్కడే తింటారు. నాకు కంటి ఆపరేషన్ అయిన నెలరోజులూ మా ఇంట్లో టిఫిను ఆ బండిదే. ఆవిడ ఏ రోజూ చట్నీ మరిచిపోలేదు.

బండి తీయించాలని మునిసిపాలిటీకి అర్జీ పెట్టేందుకు కాలనీ సంఘం సమావేశం వేసింది. ముందు రోజు సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడింది.

"నన్ను తీసేస్తరంట గదమ్మా, నిజమేనా?" అంది.

"ఎవరన్నారు?"

"వాచ్‌మెన్ జెప్పిండు. ఈ బిడ్డకు ఇంకో ఏడాదే ఉంది చదువు. ఏడాది ఆగుమని చెప్పరాదమ్మా?"

ఏడేళ్ళు ఎండకూ వానకూ నిలబడిన మనిషి, ఏడాది భిక్ష అడుగుతోంది. నాకది చివుక్కుమంది. అడగవలసింది భిక్ష కాదే!

2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల కోసం ఒక చట్టం చేసింది. ఆ ఏడాది మే 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఊళ్ళోని వీధి వ్యాపారులను అయిదేళ్ళకోసారి లెక్కవేసి, గుర్తింపు పత్రం ఇవ్వాలి. లెక్క పూర్తయి పత్రాలిచ్చేదాకా ఉన్నవాళ్ళను తొలగించకూడదు. వేరేచోటికి పంపాలంటే ముప్పయి రోజుల నోటీసు ఇవ్వాలి. ఊరి జనాభాలో నూటికి రెండున్నర మంది దాకా చోటు చూపాలి. ఎక్కడ అమ్మవచ్చో, ఎక్కడ కూడదో చెప్పే కమిటీలో నూటికి నలభై మంది వ్యాపారులే, ఎన్నికైనవాళ్ళు ఉండాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. కాలనీ సంఘాలకూ ఆ కమిటీలో స్థానం ఉంది. అంతకు ముందే, 1989లో, వీధిలో అమ్ముకోవడం కూడా పౌరుడి హక్కేననీ, సబబైన ఆంక్షలకు లోబడి ఉండాలనీ సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

ఈ సంగతులన్నీ మావారు కాగితం మీద రాసిచ్చారు. మర్నాడు సమావేశంలో నేను చదివాను. కార్యదర్శిగారు రిటైరైన ఇంజనీరు, మర్యాదస్థులు. "మేడమ్, మీరు అమెరికా చూసి వచ్చారు. అక్కడి మాటలు ఇక్కడ చెల్లవండీ" అన్నారు.

"ఇవి అమెరికా మాటలు కావండీ. దేశం మొత్తానికి ఇలాంటి చట్టం వాళ్ళకు లేదు. మనకుంది. ఉన్నట్టు మనకు తెలియదు" అన్నాను.

ఒకావిడ లేచి, స్కూలు బస్సు మలుపు తిరగలేకపోతోందంది. నిజమే, తిరగలేకపోతోంది. ఇంకొకాయన, ప్లేట్ల మీద వేసే ప్లాస్టిక్ కాగితాలు కాలవలో పడి వానాకాలం నీళ్ళు నిలుస్తున్నాయన్నారు. అదీ నిజమే. నేను కాదనలేదు. "బస్సు తిరగాలి, కాలవ పారాలి, ఆవిడ బతకాలి. ఈ మూడూ కుదిరే చోటు ఉందేమో చూసి, ఆ తరవాత అర్జీ సంగతి ఆలోచిద్దాం" అన్నాను. అందరూ లేచి మొగలోకి వెళ్ళాం. ఇంజనీరుగారే అడుగులతో కొలిచారు. నలభై గజాల అవతల పార్కు గోడ వారగా జాగా ఉంది. బస్సుకు అడ్డం కాదు.

ఇప్పుడు బండి అక్కడికి మారింది. ప్లాస్టిక్ మానేసి మోదుగాకు విస్తర్లు వాడుతోంది. సంఘం రెండు చెత్త డబ్బాలు కొనిచ్చింది. పది గంటలకల్లా నేల కడిగి వెళ్ళాలని షరతు. గిరాకీ కొంచెం తగ్గింది, ఆకులకు ఖర్చు పెరిగింది. ఇడ్లీ ప్లేటు మీద అయిదు రూపాయలు పెంచింది. వాచ్‌మెన్లకు మాత్రం పాత ధరే. అందరికీ సంతోషమేనా అంటే, కాదు. అర్జీ కాగితం కార్యదర్శిగారి బీరువాలో ఇంకా ఉంది.

గుర్తింపు పత్రం కూడా ఇంకా చేతికి రాలేదు. దరఖాస్తు పెట్టించడానికి మావారూ నేనూ ఆవిడను వెంటబెట్టుకుని ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళాం. మూడోసారి తనే కూతుర్ని తీసుకుని వెళ్ళింది. "ఆ పిల్లే మాట్లాడిందమ్మా, నేను ఊరకే నిలబడ్డ" అని గర్వంగా చెప్పింది.

2024 జనవరిలో మాదాపూరులో రోడ్డు పక్కన అన్నం వండి అమ్మే ఒకావిడ దుకాణాన్ని ట్రాఫిక్ కారణంగా పోలీసులు తీయిస్తే, సంగతి ముఖ్యమంత్రి దాకా వెళ్ళి, అక్కడే ఉండనివ్వండని ఆయన ఆదేశించారు. అందరం సంతోషించాం. కాని ముఖ్యమంత్రి చెవిన పడే బండి ఎన్నింటిలో ఒకటి? మిగిలినవాళ్ళను కాపాడవలసింది ఒక చిన్న కాగితం.

కనక చదువరులకు నాదొక మనవి. రేపు పొద్దున మీ వీధి మొగలో టిఫిను తీసుకునేటప్పుడు, చట్నీ ఇంకాస్త వెయ్యమని అడగడంతోపాటు, "గుర్తింపు కార్డు ఉందా?" అని కూడా అడగండి. లేదంటే ఎక్కడ దరఖాస్తు పెట్టాలో కనుక్కుని చెప్పండి. ఆఫీసులో ఫారాలు నింపడం మన మధ్యతరగతి వాళ్ళకు వచ్చినంత బాగా మరెవరికి వస్తుంది చెప్పండి!